నాలుగుతో మొదలయ్యే రోడ్డు

నాన్న సూర్యాపేట డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఫోన్ చేస్తే తిన్నావా అని అడిగేది అమ్మ. నాన్న అడిగేది ఒకటే: "ఈ వారం ఎంత తోలినవ్ రా?"

నేనుండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. అక్కావాళ్లది మాంచెస్టర్ అవతల. నెలకు రెండుసార్లయినా ఎం62 మోటర్‌వే మీద పెనైన్ కొండలు దాటి వెళ్లొస్తాం. ఆ దారి ఎలా ఉంటుందో నాన్నకు చూపించాలని చాలాసార్లు ప్రయత్నించాను. కారు ముందు కెమెరాతో తీసిన వీడియో పంపితే "అంతా రోడ్డే ఉంది, ఊర్లేవి?" అన్నారు. మ్యాప్ లింకు పంపితే ఫోన్‌లో రెండుసార్లు అటూ ఇటూ జరిపి వదిలేశారు. చివరికి ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఈ రోడ్డు మొత్తాన్ని ఒక పొడవాటి పోస్టర్‌గా గీసి, పేర్లన్నీ తెలుగులో రాసి పంపుదామనుకున్నాను. నాది డేటా ఉద్యోగమే కాబట్టి రెండు వీకెండ్ల పని అని లెక్కేసుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

ఎలా గీయాలన్నది మాత్రం మొదటి రోజే తేలిపోయింది. 1675లో జాన్ ఓగిల్బీ అనే ఆయన ఇంగ్లండ్, వేల్స్ రోడ్లను 100 పలకల మీద అచ్చు వేయించాడు. చక్రం దొర్లించి దూరాలు కొలిపించి, మైలుకు అంగుళం చొప్పున గీయించాడు. అందులో దేశం ఆకారం కనిపించదు. కాగితపు చుట్ట విప్పి పరిచినట్టు నిలువు పట్టీలుంటాయి, కింది నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. రోడ్డు మలుపు తిరిగినా పట్టీ నిటారుగానే ఉంటుంది, దాని పక్కన వేసిన దిక్సూచి బొమ్మ తిరుగుతుంది. ఎక్కాల్సిన కొండను మామూలుగా, దిగాల్సిన కొండను తలకిందులుగా వేశాడు. బండి తోలేవాడికి కావలసింది తర్వాత ఏమొస్తుందన్నదే కదా. ఆ సంగతి ఆయనకు మూడున్నర శతాబ్దాల కిందే తెలుసు.

ఎం62 పొడవు 107 మైళ్లు. ఓగిల్బీ లెక్కన గీస్తే 107 అంగుళాలు, అంటే తొమ్మిది అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. మా సూర్యాపేట ఇంట్లో అంత ఖాళీ గోడ లేదు. కిలోమీటరుకు సెంటీమీటరు అనుకుంటే 172 సెంటీమీటర్లు వచ్చింది. దాదాపు నాన్న ఎత్తు. దానికే ఫిక్సయ్యాను.

ఇక డేటా. బ్రిటన్ రవాణా శాఖ ట్రాఫిక్ లెక్కలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కొన్నిచోట్ల యంత్రాలు లెక్కపెడతాయి, కొన్నిచోట్ల మనుషులే ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా కూర్చుని కార్లు, లారీలు, బస్సులు, బైకులు విడివిడిగా లెక్కపెడతారు. వాటి నుంచి ఏడాది మొత్తానికి రోజువారీ సగటు తీస్తారు. నా ఆలోచన సింపుల్: ఎక్కడ ట్రాఫిక్ ఎక్కువో అక్కడ పట్టీ లావుగా, తక్కువున్నచోట సన్నగా.

ఫైల్లోంచి ఎం62 అని ఉన్న వరసలన్నీ ఏరి గీశాను. రోడ్డు మధ్యలో తెగిపోయింది. మాంచెస్టర్ దగ్గర పెద్ద ఖాళీ. ఫైలు సరిగ్గా దిగలేదేమోనని మళ్లీ దించాను. ఆదివారం మొత్తం కోడ్‌లో తప్పు వెతికాను. కోడ్‌లో ఏ తప్పూ లేదు. మాంచెస్టర్ చుట్టూ ఉన్న ఎం60 రింగు రోడ్డు 2000లో పూర్తయింది. ఆ రింగు కోసం ఎం62లో 12 నుంచి 18వ జంక్షన్ వరకు ఉన్న ముక్కను దానికిచ్చేశారు. తారు అదే, పేరు వేరు. అక్కడి బోర్డుల మీద ఎం62 బ్రాకెట్లో ఉంటుంది. బ్రాకెట్లో నంబరు ఉందంటే, ఇలాగే వెళ్తే ఆ రోడ్డు తగులుతుందని అర్థం. ఇన్నేళ్లుగా ఆ బోర్డుల కిందనుంచే పోతున్నాను, ఒక్కసారీ పట్టించుకోలేదు. పట్టీ మీద ఆ ముక్కను వేరే రంగులో అతికించాను, చీరకు అతుకేసినట్టు. అతుకు కనపడాలనే నా ఉద్దేశం.

రెండో వింత, ఈ రోడ్డుకి 1, 2, 3 జంక్షన్లు లేవు. లివర్‌పూల్ నగరం నడిబొడ్డు దాకా తీసుకెళ్లాలనుకున్నారు, ఆ ముక్క ఎప్పటికీ కట్టలేదు. అందుకని రోడ్డు 4తో మొదలవుతుంది, అవతల హల్ నగరం వైపు 38తో ముగుస్తుంది. పోస్టర్ అడుగున 4 అని వేసి, దాని కింద మూడు ఖాళీ సున్నాలు చుక్కల గీతతో గీశాను. మా ఆవిడ "కింద ప్రింటు సరిగ్గా పడలేదా?" అంది. అయినా తీసేయలేదు.

మూడోది కాస్త సిగ్గుపడాల్సిన విషయం. ఫైల్లో ప్రతి లెక్క పక్కన అది లెక్కపెట్టిందా, అంచనా వేసిందా అని రాసి ఉంటుంది. ఏటా అన్నిచోట్లా లెక్కపెట్టడం కుదరదు కాబట్టి, మిగతాచోట్ల పాత లెక్క పట్టుకుని అంచనా కడతారు. ఆ కాలమ్ నా కళ్ల ముందే ఉంది. నేనే చూడలేదు. ఆఫీసులో జూనియర్లకు "ముందు కాలమ్ పేర్లు చదవండి" అని చెప్పేది నేనే! అంచనా ఉన్నచోటల్లా పట్టీ అంచును చుక్కలుగా మార్చడానికి ఇంకో వారం పోయింది.

ఎత్తు దగ్గర ఇంకో చిక్కు. ఎం62 ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తున పోయే మోటర్‌వే. 22వ జంక్షన్ దగ్గర విండీ హిల్ పక్కన 372 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అక్కడ బోర్డు కూడా ఉంటుంది. చలికాలంలో ఆ ఎక్కుడు మీద పొగమంచు కమ్మితే స్టీరింగ్ పట్టుకున్న చేతులకు చెమటలు పడతాయి. కానీ కిలోమీటరుకు సెంటీమీటరు కొలతలో 372 మీటర్లు నాలుగు మిల్లీమీటర్లు కూడా రావు. నిజాయతీగా గీస్తే పెనైన్ కొండలు చాప మీద ముడతలా ఉన్నాయి. ఎత్తును 20 రెట్లు పెంచాను, ఏడున్నర సెంటీమీటర్లయింది. ఇది మోసమా? మూలన "ఎత్తు 20 రెట్లు పెంచి చూపించాం" అని రాశాను కాబట్టి కాదనుకుంటాను. కాలు క్లచ్ మీద ఉన్నవాడికి కొండ ఎప్పుడూ 20 రెట్లే.

ఆ కొండ మీదే స్టాట్ హాల్ ఫామ్ ఉంది. పోయే రోడ్డుకీ వచ్చే రోడ్డుకీ మధ్యలో ఒక పాత రాతి ఇల్లు, చుట్టూ గొర్రెలు. ఆ రైతు భూమి అమ్మనని మొండికేస్తే రోడ్డే చీలి పోయిందని అందరూ చెప్పుకుంటారు, మా బావ కూడా అదే చెప్పాడు. నేనూ పోస్టర్ మీద అదే రాశాను, కథ బాగుంది మరి. తర్వాత చదివితే తెలిసింది, అక్కడి నేల వాలు, కింది భూమి తీరు చూసి రెండు దారులనూ ఒకే మట్టంలో పక్కపక్కన వేయలేక ఇంజినీర్లే విడదీశారని. రైతును తీసేసి నేల వాలును రాశాను. బావ ఇప్పటికీ ఒప్పుకోడు.

దాన్ని దాటితే స్కామ్‌మండెన్ దగ్గర రోడ్డు ఏకంగా ఒక డ్యామ్ కట్ట మీద నుంచి పోతుంది. నాన్నకు కట్ట మీద రోడ్డంటే బాగా తెలుసు కాబట్టి నీళ్లను కాస్త పెద్దగానే వేశాను.

రంగులు ఎంచుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. రాత్రిపూట ఈ రోడ్ల మీద హెడ్‌లైట్ వెలుతురుకి మెరిసే గాజు కళ్లుంటాయి. ఎడమ అంచున ఎరుపు, కుడి అంచున డివైడర్ వైపు పసుపు, లేన్ల మధ్య తెలుపు, జంక్షన్ దగ్గర రోడ్డు చీలే చోట ఆకుపచ్చ. వీటిని 1934లో పేటెంట్ చేసిన పెర్సీ షా ఈ రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న హాలిఫాక్స్ మనిషి. పొగమంచులో నన్ను ఇంటికి చేర్చే రంగులు అవే. పట్టీకీ అవే వేశాను.

నిజమైన యుద్ధం అక్షరాలతో జరిగింది. బ్రిటన్ రోడ్డు బోర్డుల రూపం జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరిది. 1958లో తెరిచిన ప్రెస్టన్ బైపాస్‌తో మొదలుపెట్టి, 1965 నుంచి దేశమంతా వాళ్ల బోర్డులే. అన్నీ పెద్దబడి అక్షరాలైతే ప్రతి పేరూ దూరం నుంచి ఒక ఇటుకలా కనిపిస్తుంది, చిన్నబడి కలిపితే ఒక్కో పేరుకి ఒక్కో ఆకారం వస్తుంది, స్పీడులో కన్ను పట్టుకునేది ఆ ఆకారాన్నే అన్నది వాళ్ల వాదన. మనకు పెద్దబడీ చిన్నబడీ లేవు, కానీ ఆకారానికి లోటు లేదు. హడర్స్‌ఫీల్డ్ అని రాసి చూడండి: పైన రెండు పొల్లులు, వాటి మధ్య ఒక గుడిదీర్ఘం, కింద వేలాడే రెండు ఒత్తులు. లివర్‌పూల్‌లో ఒక్క ఒత్తూ లేదు. గదికి అవతలి మూల నుంచి చూసినా ఏది ఏదో తెలుస్తుంది.

తంటా అంతా ఖాళీల దగ్గర. వాళ్ల పద్ధతిలో ఇంగ్లిష్ చిన్నబడి ఎక్స్ (x) అక్షరం ఎత్తులో నాలుగో వంతు ఒక యూనిట్, బోర్డు మీద ఖాళీలన్నీ ఆ యూనిట్లలోనే కొలుస్తారు. ఆ లెక్కను తెలుగుకి దించితే పై వరస ఒత్తు వచ్చి కింది వరస తలకట్టు మీద కూర్చుంది. వరసల మధ్య ఖాళీ రెట్టింపు చేశాక గానీ ఊపిరాడలేదు. పేర్ల విషయంలో తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఎడిటర్. నేను ఓల్డ్‌హామ్ అని రాస్తే "ఓల్డమ్ నాన్నా, హామ్ ఎక్కడుంది?" అని కొట్టేసింది.

ప్రింటు షాపుకి ఫైలు పంపితే వాళ్ల కంప్యూటర్లో ఫాంటు మారిపోయి ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. కౌంటర్లో ఉన్న అబ్బాయి మాత్రం చాలా బాగుందన్నాడు. అతని తప్పేముంది, అతనికి అది డిజైనే. అక్షరాలన్నింటినీ గీతలుగా మార్చి మళ్లీ పంపాను, డబ్బు మళ్లీ కట్టాను.

అక్కావాళ్లు సెలవులకు ఇంటికి వెళ్తూ గొట్టంలో చుట్టి తీసుకెళ్లారు. వీడియో కాల్‌లో చూస్తే నాన్న నేల మీద పరిచి, పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే కింది నుంచి పైకి వేలు పెట్టి చదువుతున్నారు. "మా స్టేజీల చార్టు లెక్కనే ఉంది రా ఇది," అన్నారు. 372 దగ్గర వేలు ఆగింది. "ఈడ ఏ గేర్ల ఎక్కుతవ్?"

"ఆటోమేటిక్ నాన్నా."

ఆ సమాధానం ఆయనకు నచ్చలేదు. పైదాకా చదివి, కాసేపు కాగితం వెనక్కి తిప్పి చూశారు. "మరి వాపసు ట్రిప్పు ఏది?"

"అదే రోడ్డు నాన్నా, పోస్టర్ తిప్పి పెట్టుకుంటే సరిపోతుంది."

"తిప్పితే అక్షరాలు తలకిందులైతయ్ గద. అయినా పోయేటప్పుడు ఎంత రష్ ఉంటదో వచ్చేటప్పుడూ అంతే ఉంటదా? నాకు అప్ సర్వీసు నిండుగ పోయి డౌన్ ఖాళీగ వచ్చిన దినాలు ఎన్నో."

ఫోన్ పెట్టేశాక ఫైలు తెరిచాను. తూర్పుకి పోయేవి, పడమరకి పోయేవి విడివిడిగా ఇచ్చే పట్టిక కూడా రవాణా శాఖ దగ్గర ఉంది. నేను రెండూ కలిపేసిన మొత్తాన్ని దించుకున్నాను. రోడ్డు పక్కన నీలం బోర్డుల మీద కిలోమీటరు నంబరుకు పైన ఏ అనో బి అనో ఎందుకుంటుందో కూడా అప్పుడే తట్టింది. అది పోయే దారా, వచ్చే దారా అని చెప్పడానికి.

ఇప్పుడు రెండో పట్టీ గీస్తున్నాను. ఇది 38తో మొదలై 4 దగ్గర ఆగుతుంది.