గాయం కాలికి, జాగ్రత్త కడుపుకు

మా గోడిగకు, అంటే ఆడ గుర్రానికి, పొలం గట్టు మీది ముళ్ళతీగ తగులుకుని వెనక ఎడమ కాలు చీలింది. మోకీలుకు కాస్త కింద, ముందు వైపు, చర్మం ఊడి వేలాడింది. అప్పుడు మాఘమాసం. పెళ్ళి ఊరేగింపులకు బాడుగలు ఒప్పుకుని ఉన్నాను. మాది అనంతపురం జిల్లా. నాన్న కాలంలో జట్కా, నా కాలంలో పెళ్ళిళ్ళు, ఉత్సవాలు. గుర్రం సాకేవాళ్ళు మా వైపు తగ్గిపోయారు, ఏదైనా అడుగుదామంటే మనిషి దొరకడు. అందుకే ఇది రాస్తున్నా.

దెబ్బ చూసి వచ్చినవాళ్ళలో ఒకరు పసుపు అద్దమన్నారు, ఇంకొకరు ఇంజనాయిలు పూయమన్నారు. నేను ఏదీ పెట్టలేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కరిగించి, పెద్ద సిరంజితో చిమ్ముతూ మట్టి పోయేదాకా కడిగాను. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ అదిమి కట్టి, పశువుల వైద్యానికి పిలిచే 1962 నంబరుకు ఫోన్ చేశాను.

డాక్టరమ్మ వచ్చి ముందు ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారని అడిగారు. నా దగ్గర కాగితం లేదు. వెంటనే విరుగుడు సూది వేసి, నెల తర్వాత మళ్ళీ వేయించాల్సిన టీకా గురించి చెప్పారు. ఆ క్రిమి మట్టిలో, లద్దెలో ఎప్పుడూ ఉండేదే. ఇంటి పశువుల్లో గుర్రం లొంగినంత సులువుగా దానికి ఏదీ లొంగదట. తర్వాత గాయం కీలు దాకా పోయిందా అని చూశారు. గాయానికి దూరంగా, కీలుకు అవతలి వైపు నుంచి సన్న సూదితో సెలైన్ ఎక్కించి, అది గాయంలోంచి బయటికి వస్తుందేమోనని కనిపెట్టారు. రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ వేరే రకంగా నడిచేది.

తర్వాతి చిక్కు దుర్మాంసం. మోకీలు కింద గుర్రానికి కండ ఉండదు, ఎముక మీద చర్మం బిగుతుగా ఉంటుంది. అక్కడ గాయమైతే కొత్త కండ ఎర్రగా పొంగి అంచు కంటే పైకి లేస్తుంది, చర్మం దాన్ని ఎక్కలేక ఆగిపోతుంది. పాతవాళ్ళు దాని మీద మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లేవారు. అది పొంగిన కండతోపాటు అంచున పుడుతున్న లేత చర్మాన్నీ కాల్చేస్తుందని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. బ్లేడుతో అంచుకు సమంగా చెక్కేశారు. రక్తం బాగా పోయింది గానీ గోడిగ కదల్లేదు, ఆ కండలో నరాలు ఉండవట. చూసేవాళ్ళకే భయం. ఆపైన దూది మందంగా పరిచి, దాని మీద క్రేప్ కట్టు. దూది లేకుండా బిగిస్తే కండను ఎముకకు కలిపే స్నాయువు దెబ్బతింటుందని కట్టు కట్టేటప్పుడల్లా చెప్పేవారు.

"కాలు నేను చూసుకుంటా, మేత గాడి మీరు చూసుకోండి" అన్నది మాత్రం నాకు మొదట అర్థం కాలేదు. పని చేసే రోజుల్లో మా గోడిగకు రోజుకు రెండు కిలోల ఉలవలు ఉడికించి పెట్టేవాణ్ణి (ఆ ఉలవకట్టుతో ఇంట్లో చారు, అది వేరే సంగతి). కదలకుండా నిలబడ్డ గుర్రానికి అదే దాణా పెడితే జీర్ణం కాని పిండిపదార్థం పెద్దపేగులో పులుస్తుంది. ఆ విషం గిట్టల మీదికి దిగి గిట్టలు వాస్తాయి. పైగా ఒక కాలు నొప్పిగా ఉన్నప్పుడు బరువంతా జతకాలి మీదే పడుతుంది కాబట్టి ఆ గిట్టకు ముప్పు రెట్టింపు. తిండి ఎంత పెట్టాలో తెలియాలంటే ముందు బరువు తెలియాలి. కాటా ఎక్కడ దొరుకుతుంది? టేపుతో కొలిచాం. ఛాతీ చుట్టుకొలత 155 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిరుదు చివరికి 148. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. దాదాపు 300 వచ్చింది. అందులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళు ఎండుమేత, అంటే నాలుగున్నర నుంచి ఆరు కిలోలు. ఉలవలు గుప్పెడే, అదీ మాత్రలు కలిపి తినిపించడానికి.

ఆ ఎండుమేత కొంచెం కొంచెంగా రోజంతా దొరకాలి. గుర్రం కడుపులో పులుపు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. నొప్పి మందులు పడుతున్నప్పుడు ఖాళీ కడుపున ఉంచితే పుండ్లు పడతాయి. మాకు వేరుశనగ కట్టెకు (కాయలు తీసిన ఎండు చెట్లకు) కొదవ లేదు, సున్నం, అంటే కాల్షియం, బాగా ఉన్న మేత. కానీ నేలలోంచి పీకింది కాబట్టి మట్టి వస్తుంది. దులిపి, బూజు పట్టింది తీసేసి పెట్టాలి. ఇసుక పేగులో చేరుతోందేమో తెలియాలంటే లద్దెను బకెట్ నీళ్ళలో కలిపి కాసేపు ఉంచి, అడుగున ఏం తేరిందో చూడాలి. జొన్న చొప్ప ఎండిందే వేశాను. తెలిసినవాళ్ళు సూపర్ నేపియర్ గడ్డి తెచ్చి పడేస్తామన్నారు. ఆవులకు మంచిదే గానీ అందులోని ఆక్సలేట్ అనే పదార్థం గుర్రానికి ఒంట్లో సున్నం అందనివ్వదు. తవుడు ఎక్కువైనా అదే గతి, ఏళ్ళ తరబడి పెడితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. కోళ్ళ దాణా అయితే సాల దరిదాపులకు కూడా రానివ్వకూడదు. అందులో కలిపే మోనెన్సిన్ కోడికి మందు, గుర్రానికి గుండె ఆపే విషం.

పొద్దున, సాయంత్రం కొన్ని చూసుకునేవాణ్ణి. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా, లద్దె ఎన్నిసార్లు వేసింది, బకెట్లలో నీళ్ళు ఎంత తగ్గాయి. డొక్కకు చెవి ఆనిస్తే రెండు పక్కలా గుడగుడ వినబడాలి, నిశ్శబ్దమే భయం. గిట్ట పైన వెనక వైపు వేలు పెడితే నాడి లీలగా తెలుస్తుంది. అది గట్టిగా కొడుతూ గిట్ట వేడిగా ఉంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. మా అదృష్టం, ఒక్క రాత్రే అలా అనుమానం వచ్చింది, గిట్టలను చన్నీళ్ళలో నిలబెట్టి డాక్టరమ్మను పిలిచాం. నాలాలు కొట్టే మామ వచ్చి వెనక రెండు గిట్టల నాలాలు ఊడదీసి, గోరు చెక్కి పోయాడు. "నిలబడే గుర్రానికి ఇనుమెందుకు రా" అన్నాడు.

బాడుగల వాళ్ళ ఫోన్లే తట్టుకోలేకపోయాను. "ఒక్క గంటే కదన్నా, కట్టు మీద పట్టుగుడ్డ చుట్టుకుని తోలుకురా" అని ఒకాయన మరీ మరీ అడిగాడు. బయానా వెనక్కి ఇచ్చేశాను. చైత్రం దాటాక పగ్గం పట్టుకుని ఐదేసి నిమిషాలు నడిపించడం మొదలైంది, మెత్తటి నేల మీద. పని పెరిగాకే ఉలవలు పెంచాను, వారానికి ఇంత అని. ముందు దాణా, తర్వాత పని అనుకుంటే కండరాలు పట్టేసి మూత్రం కాఫీ రంగులో పోయే జబ్బు వస్తుంది.

ఇప్పుడు ఊరేగింపులకు వెళ్తోంది. మచ్చ మీద వెంట్రుక తెల్లగా మొలిచింది. కొందరు దాన్ని చూపించి బాడుగ తగ్గించమంటున్నారు. తగ్గించడం లేదు.