క్విక్ హిచ్ కొనేముందు టేపు పట్టుకుని షెడ్డులోకి వెళ్లండి

క్విక్ హిచ్ (పనిముట్టుని కొక్కేలతో పట్టుకునేలా ట్రాక్టర్ వెనక బిగించే ఫ్రేము) కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "మా ట్రాక్టర్‌కి సరిపోతుందా?" అని. ట్రాక్టర్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు. ట్రాక్టర్ వెనక పనిముట్టుని ఎత్తే చేతుల్లాంటి రెండు కింది లింకులూ, వాటి పైనుండే టాప్ లింకూ ఫ్రేముకి ఒకసారి తగిలించేస్తే ఆ పని అయిపోయినట్టే, మళ్లీ విప్పే అవసరం అరుదు. అసలు చూసుకోవాల్సింది షెడ్డులో ఉన్న పనిముట్లని. కల్టివేటర్ ఒక కంపెనీది, రోటవేటర్ ఇంకో కంపెనీది, బ్లేడు వెల్డింగ్ షాపులో చేయించింది, సీడ్ డ్రిల్లు ఎవరో వాడి అమ్మేసింది. వీటన్నిటినీ ఒకే ఫ్రేము పట్టుకోవాలి. పట్టుకోకపోతే పనిముట్టు మార్చినప్పుడల్లా ఫ్రేము కూడా విప్పి పెట్టాలి, అప్పుడు పని రెట్టింపవుతుంది.

తొందరగా మారుతుందన్నది అమ్మేవాళ్లు చెప్పే కారణం. నాకు మాత్రం అది రెండో కారణం. మొదటిది, ట్రాక్టర్‌కీ పనిముట్టుకీ మధ్య మనిషి నిలబడక్కర్లేదు.

మామూలుగా తగిలించే పద్ధతి అందరికీ తెలుసు. వెనక్కి తీసి ముందు ఎడమ లింకు ఎక్కించాలి, తర్వాత లెవలింగ్ హ్యాండిల్ ఉన్న కుడి లింకు, చివరికి టాప్ లింకు. ట్రాక్టర్ రెండు వేళ్ల మందం వంకరగా ఆగితే చాలు, ఎడమది ఎక్కుతుంది గానీ కుడిది ఎక్కదు. ఆరడుగుల రోటవేటర్ నాలుగు క్వింటాళ్లకు అటూ ఇటూ ఉంటుంది, చేత్తో జరిపే వస్తువు కాదు. అందుకని ఒకరు గడ్డపార పెట్టి ఎగదోస్తుంటే, ఇంకొకరు క్లచ్ మీద కాలు పెట్టి కొంచెం కొంచెంగా జరుపుతారు. మా ఇంట్లో గడ్డపార పట్టేది నాన్న. నా చిన్నప్పుడు ఆయన సీట్లో ఉంటే నేను పిన్నులు పట్టుకుని వెనక నిలబడేదాన్ని. ఇప్పుడు నేను సీట్లో, డెబ్బై దాటిన ఆయన వెనక. "ఇంకో బెత్తెడు రానీ అమ్మా... చాలు, చాలు, ఆపు" అని ఆయన అంటుంటే నా కాలు వణికేది. ఆ బెత్తెడు జాగాలోనే ఆయన మోకాళ్లుంటాయి. ఎంత జాగ్రత్తగా ఉన్నా కాలు జారడానికి క్షణం చాలు. ఆ టెన్షన్ పోవాలనే నేను క్విక్ హిచ్ కొన్నాను.

ఈ మూడు లింకుల అమరికని, అంటే మూడు పాయింట్ల లింకేజీని, తీర్చిదిద్దిన మనిషి హ్యారీ ఫెర్గూసన్. 1936లో వచ్చిన ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్‌తోనూ, 1939 నాటి ఫోర్డ్ 9ఎన్‌తోనూ అది లోకమంతా పాకింది. నాగలి రాయికి తట్టుకుంటే ట్రాక్టర్ ముందు భాగం పైకి లేచే ప్రమాదం దానివల్ల బాగా తగ్గింది. ఆ అమరికకి నేను చేతులెత్తి దండం పెడతాను. కాకపోతే తగిలించే పని మాత్రం అప్పట్లాగే చేతుల మీదే నడుస్తోంది. క్విక్ హిచ్ ఆ చివరి అడుగు తీరుస్తుంది.

ఇందులో రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది తలకిందులు చేసిన యూ ఆకారపు ఫ్రేము. కింద రెండు కొక్కేలు, పైన ఒకటి, కింది వాటికి స్ప్రింగు లాకులు. ఆకారం ఏదో తెలుసుకుని అడగండి, ఎందుకంటే ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారపు ఫ్రేము కూడా ఉంటుంది. అందులో ట్రాక్టర్ మీద ఒక త్రికోణం, పనిముట్టు మీద దానికి సరిపోయే ఇంకో త్రికోణం ఉంటాయి. కూర్చోబెట్టడం అన్నిటికన్నా తేలికే, కానీ ప్రతి పనిముట్టుకీ ఆ రెండో త్రికోణం బిగించుకోవాలి. మూడో దారి, కింది లింకుల చివర్లు తీసేసి వాటి చోట కొక్కేలు పెట్టుకోవడం. అప్పుడు పనిముట్టు పిన్నుల మీద గుండ్లు తొడగాలి. దీనివల్ల పనిముట్టు వెనక్కి జరగదు, ఎత్తే బరువు పెద్దగా పెరగదు. ఇవన్నీ వద్దనుకునేవాళ్లకి బయటికి సాగే లింకు చివర్లు ఉన్నాయి. ట్రాక్టర్ కాస్త వంకరగా ఆగినా చివరిని లాగి పిన్నుకి ఎక్కించి, వెనక్కి తీస్తే అవే లోపలికి వెళ్లి లాక్ అవుతాయి. ఖర్చు తక్కువే గానీ మనిషి మధ్యలోకి వెళ్లక తప్పదు కాబట్టి నా లెక్కలో అది సగం పరిష్కారం. నేను యూ ఫ్రేమే తీసుకున్నాను. పనిముట్లు మూడు నాలుగు ఉండి, అవి తరచూ మారుతుంటే దాన్నే తీసుకోమంటాను.

ఇక టేపు సంగతి. పనిముట్లని పిన్నుల సైజుని బట్టి కేటగిరీలుగా విడదీస్తారు. కేటగిరీ 1 పనిముట్టుకి కింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. కేటగిరీ 2కి కింద 28, పైన 25. రెండు కింది పిన్నుల మధ్య వెడల్పు మొదటిదానికి సుమారు 68 సెం.మీ., రెండోదానికి 82 సెం.మీ. దాకా. ఫ్రేము కొక్కేలు ఈ పిన్నులకన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి పిన్నుల మీద బుష్‌లు (గొట్టం లాంటి తొడుగులు) తొడగాలి. బుష్ లేకుండా కొక్కెంలో పిన్ను వేసి నడిపేవాళ్లని చూశాను. పొలంలో ప్రతి కుదుపుకీ పిన్ను కొక్కెం మీద కొట్టుకుని రెండూ అరిగిపోతాయి. ప్రతి పనిముట్టుకీ సొంత బుష్‌ల జత ఉండాలి. ఒకే జతని అటూ ఇటూ మార్చుకుంటూ ఉంటే క్విక్ హిచ్ పెట్టి లాభం లేదు.

అందరూ వదిలేసే కొలత ఎత్తు. కింది పిన్నుల గీత నుంచి పై పిన్ను వరకు ఎంత ఉందో చూడండి. కేటగిరీ 1 పనిముట్లకి ప్రామాణికంగా చెప్పే ఎత్తు 46 సెం.మీ. అయితే, చాలా యూ ఫ్రేముల్లో పై కొక్కేన్ని సుమారు 38 సెం.మీ. దగ్గర పెడతారు. ఈ ఎనిమిది సెంటీమీటర్ల తేడా దగ్గరే సగం మంది చిక్కుకుంటారు. పిన్నుల లావు సరిపోతుంది, వెడల్పు సరిపోతుంది, పైది మాత్రం అందదు. అందుకే పై కొక్కేన్ని పైకీ కిందికీ జరిపి బోల్టు బిగించుకునే ఫ్రేమే కొనమని అందరికీ చెప్తాను. మా సీడ్ డ్రిల్లుకి అదీ చాలలేదు. పై పిన్ను కింది పిన్నులకి నిటారుగా పైన ఉండకుండా బాగా వెనక ఉంది, కొక్కెం దాని దాకా వెళ్లలేదు. అనుభవమున్న వెల్డర్ చేత మాస్టుకి (పై పిన్ను ఉండే నిలువు భాగానికి) రెండు వైపులా మందపాటి పలకలు వేయించి, వాటిలో ముందుకి కొత్త రంధ్రం పెట్టించాం. దాంతోపాటు పై పిన్ను చుట్టూ కొక్కెం దూరడానికి ఖాళీ ఉందా అనేదీ చూడాలి. కొన్ని కల్టివేటర్లకి సరిగ్గా అక్కడే అడ్డపట్టీ ఉంటుంది.

ఫ్రేము పెట్టాక పనిముట్టు 10 నుంచి 15 సెం.మీ. వెనక్కి జరుగుతుంది. పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ ఇంజన్ శక్తితో పనిముట్టుని తిప్పే కడ్డీ) ఉన్నవాటికి ఇది ముఖ్యం. షాఫ్టు రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు ఉండాలి. పనిముట్టుని పూర్తిగా పైకెత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి, ఇంజన్ ఆపి దిగి చూడండి. పొట్టిదైతే కొత్త షాఫ్టు కొనాల్సిందే. నిమిషానికి 540 చుట్లు తిరుగుతూ ఊడిపోయిన షాఫ్టు ముందు ఎవరూ నిలవలేరు. బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రేము తన బరువు తను వేస్తుంది, పనిముట్టుని ఇంకాస్త దూరం పెడుతుంది. కంపెనీ చెప్పే లిఫ్టు సామర్థ్యాన్ని సాధారణంగా లింకు చివర్ల నుంచి 610 మి.మీ. వెనక కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. రోటవేటర్ ఎత్తితే స్టీరింగ్ తేలికైపోయినట్టు అనిపిస్తే ట్రాక్టర్ ముందు వైపు బరువులు వేసుకోవాలి.

వాడకం రెండు రోజుల్లో చేతికి వస్తుంది. చెక్ చెయిన్లు (కింది లింకులు పక్కలకి ఊగకుండా పట్టే గొలుసులు) కొంచెం వదులుగా ఉంచి, టాప్ లింకు పొడవు పెంచి ఫ్రేము పై భాగం పనిముట్టు వైపు కొద్దిగా వాలేలా చూసుకోవాలి. హైడ్రాలిక్ కిందికి దించి నెమ్మదిగా వెనక్కి వస్తే పై కొక్కెం పై పిన్ను కిందికి చేరుతుంది. అక్కడ ఆపి లివర్ కొంచెం పైకి అంటే, ముందు పై పిన్ను కొక్కెంలో కూర్చుంటుంది, పనిముట్టు ముందు భాగం లేచి తనంతట తనే సర్దుకుంటుంది, తర్వాత కింది పిన్నులు. బుష్ కొక్కెం అంచు మీద నుంచి జారి అడుగుకి చేరగానే లాకు నాలుక వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొచ్చి టక్‌మంటుంది. టక్ రెండుసార్లు వినిపించాలి. ఇంజన్ చప్పుడులో ఒకటే వినపడిందా, రెండా అని సందేహం వస్తే నమ్మొద్దు. సీట్లోంచి తిరిగి రెండు లాకు పిడులూ ఒకే స్థితిలో ఉన్నాయో లేదో చూడండి. మా ఫ్రేము పిడులకి లాక్ పడినప్పుడు కనిపించేలా నేను పసుపు రంగు వేసుకున్నాను. ఒక్క వైపు లాకు పడకుండా బయల్దేరితే మొదటి గట్టు దగ్గరే పనిముట్టు ఎగిరి ఒక కొక్కెంలోంచి ఊడుతుంది.

తర్వాత పనిముట్టు కింద ఆనించి, ఇంజన్ ఆపి, షాఫ్టు తగిలించి, చెయిన్లు బిగించాలి. టాప్ లింకు ఒక్కో పనిముట్టుకి ఒక్కో పొడవులో ఉండాలి. మరల మీద ఒక్కోదానికి ఒక్కో రంగు గీత పెట్టుకుంటే ప్రతిసారీ చూసుకునే అవసరం ఉండదు. విప్పేటప్పుడు షాఫ్టే ముందు. నేల చదునుగా ఉన్నచోట దించండి, వీలైతే కింద చెక్క దిమ్మలు పెట్టండి. వాలుగా వదిలిన పనిముట్టుని మళ్లీ పట్టుకోవడానికి వచ్చినప్పుడు ఏ కొక్కెమూ దానికి సరిగ్గా ఎదురుపడదు.

లాకు స్ప్రింగు చుట్టూ మట్టి చేరి ఎండిపోతుంది, నాలుక సగంలో ఆగిపోతుంది. దున్నకం రోజుల్లో సాయంత్రం పూట పాత బ్రష్షుతో దులపడం నాన్న పని, ఆయనే అడిగి తీసుకున్నారు. ఫ్రేము మూలల్లో వెల్డింగు దగ్గర రంగు గీతలా పగిలిందేమో కూడా ఆయనే చూస్తారు.

ఒక్క పనిముట్టు మాత్రం ఫ్రేముతో ఒప్పుకోలేదు, గుంతలు తీసే ఆగర్. దాని పొడవాటి చేయి నేరుగా టాప్ లింకు పాయింటుకి తగులుకోవాలి, మధ్యలో ఫ్రేము అడ్డం. అది అవసరమైన రోజు ఫ్రేము విప్పి గోడకి ఆనించి, పాత పద్ధతిలోనే తగిలిస్తాం. అందుకే పాత పిన్నులు, లాక్ క్లిప్పులు పారేయకుండా టూల్ బాక్సులోనే ఉంచుకున్నాను, మీరూ ఉంచుకోండి.