మూడో రన్

రాత్రి పదిన్నర. స్నానం చేసి కూర్చున్నా చెవుల్లో డైనో (కారుని రోలర్ల మీద పరిగెత్తించి బలం కొలిచే యంత్రం) హోరు ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం మా షెడ్డు రేకుల కింద 41 డిగ్రీలు ఉంది.

ఇవాళ్టి పనంతా ఒక చిన్న టర్బో పెట్రోల్ కారు మీదే. అది రోడ్డు మీద తిరగదు. వచ్చే నెల ట్రైలర్ ఎక్కి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తుంది. ఓనరు పాతికేళ్ల కుర్రాడు, జీతంలోంచి నెలనెలా దాచి కొనుక్కున్నాడు. ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త మ్యాప్ వేశాం, అంటే ఇంధనం, స్పార్కు ఎప్పుడెంతో చెప్పే లెక్కల పట్టిక. కారుని బెల్టులతో బిగించి, ముందు చక్రాలు రోలర్ల మీదికి ఎక్కించి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి మొదటి రన్ తీశాను. చక్రాల దగ్గర 131 హార్స్‌పవర్. నేను తల తిప్పేలోగా కుర్రాడు స్క్రీన్ ఫొటో ఎవరికో పంపేశాడు.

రెండో రన్ 126. మూడోది 120.

"అన్నా, మొదటి రన్ షీటే ప్రింట్ తియ్యరాదూ" అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని.

తియ్యొచ్చు. కానీ ఆ ట్రాక్‌లో ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. రెండో ల్యాప్ నుంచి అతని కాలి కింద ఉండేది మూడో షీటులో ఉన్న కారే.

రన్‌లో నమోదైన రీడింగుల లాగ్ తెరిచి చూపించాను. ఇంజన్‌లోకి వెళ్లే గాలి మొదటి రన్‌లో 48 డిగ్రీలు, మూడో దాంట్లో 71. బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, అంతే ఉన్నా, అంత వేడెక్కిన గాలి దాదాపు ఏడు శాతం పలచబడుతుంది. దానికి తోడు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవగానే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, స్పార్కు టైమింగ్ వెనక్కి లాగింది. మ్యాప్‌లో తప్పు లేదు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి ఊపిరాడటం లేదు.

బంపర్ విప్పితే సంగతి తెలిసింది. కూలర్ చుట్టూ వేలు దూరేంత సందులు. దాని పలుచని రేకుల (ఫిన్నుల) మధ్యలోంచి దూరడం బయటి గాలికి కష్టం, పక్కనుంచి జారిపోవడం సులువు. ఫ్రిజ్ పెట్టె అట్ట కోసి, గాలిని నేరుగా కూలర్‌లోకి నడిపే డక్ట్‌కి నమూనా చేశాను. నోరు చిన్నగా ఉండి, కూలర్ వైపు మెల్లగా వెడల్పవ్వాలి. అప్పుడు గాలి నెమ్మదించి, ఒత్తిడి పెరిగి, ఫిన్నుల్లోంచి తోసుకుపోతుంది. ఒకేసారి వెడల్పయితే సుళ్లు తిరుగుతుంది. మూడు అట్టలు పాడయ్యాక నాలుగోది కుదిరింది. ఈ ఉద్యోగంలో నాకు ఎక్కువ ఇష్టమైన గంట ఇదే. కంప్యూటర్‌లో గీసినప్పుడు కనపడని బ్రాకెట్టు, అట్ట పెట్టగానే అడ్డం తగులుతుంది.

బాలానగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే భాయ్ దగ్గరికి అట్ట తీసుకెళ్లాను. ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. అంత పలుచని రేకు చిల్లుపడకుండా అతుకు వెయ్యడం భాయ్ చేతికే సాధ్యం.

అక్కడుండగా ఒక ఫోన్. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచాలట, రోజూ ఆఫీసుకెళ్లే బండికి. కుదరదన్నాను. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆర్నెల్ల జైలు దాకా ఉంటుంది. జరిమానా లేకపోయినా చెయ్యను. రాత్రిళ్లు ఆ వీధిలో పసిపిల్లలు నిద్రపోవాలి కదా.

తిరిగొస్తుంటే నాన్న గుర్తొచ్చారు. ఖమ్మంలో డీజిల్ ఇంజన్లకు ఇంధనం అందించే పంపులు కాలిబ్రేట్ చేసేవారు, అంటే కొలిచి సరిచేసేవారు. టెస్ట్ బెంచ్‌లో ఆయిల్ 40 డిగ్రీలకు రాందే రీడింగ్ రాయనిచ్చేవారు కాదు. రైతు గేటు దగ్గర నిలబడి తొందరపెట్టినా సరే. ఇంజినీరింగ్‌లో నాకు చాలామంది పాఠాలు చెప్పారు. కొలత విషయంలో నా గురువు మాత్రం ఆయనే.

ఏడింటికి డక్ట్ బిగించి, అంచుల్లో ఫోమ్ పట్టీ అతికించి మళ్లీ తీశాం. 131, 130, 128. మూడో రన్‌లో గాలి 55 డిగ్రీలే. కుర్రాడు నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. నేను షీటు మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం షెడ్డులో 35 డిగ్రీలే ఉంది. ఆ లాభంలో డక్ట్ వాటా ఎంతో, చల్లబడిన పొద్దు వాటా ఎంతో ఇంకా తేలలేదు.

రేపు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ రమ్మన్నాను. సెలవు పెట్టి వస్తానన్నాడు.