పాల క్యాను, బట్టల సోడా, పిన్నిగారి వడియాలు

మా వెనక బాల్కనీలో తులసికుండీ పక్క గోడ మీద బూడిదరంగు మరక ఒకటి ఉంది. చూడ్డానికి శ్రీలంక మ్యాపులా ఉంటుంది. రెండుసార్లు రంగు వేయించాం, రెండుసార్లూ పైకి తేలింది. ఇంటికొచ్చినవాళ్లు "చెమ్మా అండీ?" అని అడుగుతారు. మా వారు నా వైపు ఓ చూపు చూసి, "చెమ్మ కాదండీ, కెమిస్ట్రీ" అంటారు.

ఇరవై రెండేళ్లు ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. పరువు పోతుందని ఆ మరక సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. మొన్న పాత స్టూడెంటు ఒకడు ఫోన్ చేసి, "టీచర్, ఇంట్లో రాళ్లు నునుపు చేసే మెషీన్ చేసుకుందామనుకుంటున్నా, పాత అల్యూమినియం డబ్బా ఉంది" అన్నాడు. ఇక దాచి లాభం లేదు.

అసలు ఇదంతా అచ్చంగిల్లాల కోసం మొదలైంది. మా ఊరు అమరావతి దగ్గర, కృష్ణ ఒడ్డున. చిన్నప్పుడు నా దగ్గర అయిదు రాళ్లుండేవి. రెండు తేనెరంగువి, ఒకటి ఎర్రది, రెండు గీతలు గీతలుగా ఉండేవి. పశ్చిమ కనుమల్లో లావా రాళ్ల బొరియల్లో పుట్టిన అగేట్లు అవి. కృష్ణమ్మ దొర్లించుకుంటూ మా రేవు దాకా తెచ్చిందని డిగ్రీలో చదువుకున్నాకే తెలిసింది. పెళ్లయి మద్రాసు వచ్చే హడావుడిలో అవి ఎక్కడో పోయాయి. పోయిన ఏడాది మనవరాలికి ఆట నేర్పిద్దామని ఊరు వెళ్లినప్పుడు ఓ సంచీడు రాళ్లు ఏరుకొచ్చాను. తీరా చూస్తే అన్నీ గరుకు, మూలలు. నది చేసే పనేదో మనమే చేద్దామనిపించింది.

నది చేసే పనికి ఇంట్లో కావాల్సింది తిరిగే డ్రమ్ము, నీళ్లు, రాళ్లకంటే గట్టి పొడి. అంతే. డ్రమ్ము తిరుగుతుంటే రాళ్లు ఓ పక్క పైకెక్కి మళ్లీ జారిపడతాయి, ఆ జారుడులో పొడి వాటి మధ్య నలిగి వాటిని అరగదీస్తుంది. అగేటు గట్టిదనం, పది దాకా ఉండే మోస్ స్కేలు మీద 7 దగ్గర. నేను వాడిన పొడి సిలికాన్ కార్బైడ్, దానిది 9 పైన. కృత్రిమ వజ్రాలు చేద్దామని బంకమట్టినీ బొగ్గునీ కరెంటు కొలిమిలో కాల్చిన ఎడ్వర్డ్ అచెసన్‌కి 1891లో దొరికిన పదార్థం ఇది. కార్బొరండం అని పేరు పెట్టింది ఆయనే. మద్రాసువాళ్లకి ఈ మాట కొత్త కాదు, 1954 నుంచీ కార్బొరండం యూనివర్సల్ ఈ ఊళ్లోనే ఉంది. వడ్రంగి చేతిలోని నల్ల గరుకు కాగితం మీదా చాలాసార్లు ఇదే పొడి ఉంటుంది. తమిళంలో దాన్ని ఉప్పుత్తాళ్ అంటారు, ఎంత చక్కని మాటో! ప్యారిస్ కార్నర్ వెనక వీధుల్లో పొడి విడిగా దొరికింది. 60/90 అంటే సన్న ఉప్పులా, 220 అంటే బియ్యప్పిండిలా, 500 అంటే ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. ఆ అంకెలు జల్లెడ లెక్కలు. అంగుళానికి కన్నాలెన్ని ఎక్కువైతే పొడి అంత మెత్తన.

మోటారు పల్లావరం శుక్రవారం సంతలో దొరికింది, పాత వాషింగ్ మెషీన్‌ది. (ఈ పల్లావరంలోనే 1863 మే 30న జియలాజికల్ సర్వేలో పనిచేసే రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి పాత రాతియుగపు పనిముట్టు దొరికింది. రాళ్లు ఏరుకునే పిచ్చి ఆ నేల మీద నాతో మొదలవలేదని మా వారికి చెప్పాను. "ఆయనకి దానికి జీతమిచ్చారు" అన్నారు.) అంబత్తూరులో లేత్ పనిచేసే ఒకాయన రెండు కడ్డీలకి బేరింగులు బిగించి, పుల్లీలు పెట్టి చట్రం చేసిచ్చాడు. మోటారు నిమిషానికి 1,400 చుట్లు తిరుగుతుంది. రెండంగుళాల పుల్లీ నుంచి పన్నెండంగుళాల పుల్లీకి బెల్టు వేసి, 25 మిల్లీమీటర్ల కడ్డీ మీద 18 సెంటీమీటర్ల డ్రమ్ముని కూర్చోబెడితే డ్రమ్ము చుట్లు నిమిషానికి 32కి దిగుతాయి. ఈ సైజు డ్రమ్ము 100 దాటితే రాళ్లు గోడకి అంటుకుపోయి, స్పిన్నర్లో బట్టల్లా ఊరికే గిరగిరా తిరుగుతాయి తప్ప జారిపడవు. లెక్కలన్నీ బ్రహ్మాండంగా కుదిరాయి. బెల్టు కూడా మొదటిసారికే కుదిరింది.

డ్రమ్ము దగ్గరే తెలివితక్కువ పని చేశాను. అదే సంతలో అయిదు లీటర్ల అల్యూమినియం పాల క్యాను కనిపించింది. గుండ్రటి ఒళ్లు, రబ్బరు వాషరున్న మూత, పైన బిగించే తీగ కొక్కెం. చుక్క కారదు. ఇంతకంటే ఏం కావాలి!

రెండొంతులు రాళ్లు, కిలోకి నాలుగు టేబుల్ స్పూన్ల చొప్పున 60/90 పొడి, పైవరస రాళ్లకి కొంచెం కిందుగా నీళ్లు పోసి తిప్పాను. మోటారు వేడెక్కకుండా దానికో చిన్న ఫ్యాను. చప్పుడు బయటికి రాకుండా చెక్కపెట్టె, దాని మీద పాత బొంత. మర్నాడు పొద్దున మూత తెరవగానే గోలీసోడా కొట్టినట్టు ఉస్స్‌మంది. లోపల ముద్ద నల్లగా, నురగ నురగగా ఉంది. మోటారు వేడికి గాలి వ్యాకోచించి ఉంటుందనుకున్నాను. ఇది పరీక్షలో పిల్లలు రాస్తే సున్నా వేసేదాన్ని. 30 డిగ్రీల గాలి 40 డిగ్రీలకెక్కితే ఒత్తిడి పెరిగేది మూడు శాతం. దానికి మూత ఈల వేయదు. లెక్క కట్టలేదు, అనేసుకున్నానంతే.

రెండో రోజూ అదే ఉస్స్. డ్రమ్ములో గ్యాసు పుడితే కాస్త వంటసోడా వేయమని ఎక్కడో చదివాను. ఆమ్లం వల్ల పుట్టే గ్యాసయితే అది మంచి సలహాయే. ఇంట్లో వంటసోడా నిండుకుంది. బట్టల సోడా ఉంది. రెండూ సోడాలే కదా అని మూడు చెంచాలు వేసి, కొక్కెం గట్టిగా బిగించి, ఇక భయం లేదని రెండు రోజులు తెరవనేలేదు.

ఆదివారం పదిన్నరకి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. దీపావళి లక్ష్మీబాంబు గదిలో పేలినట్టు శబ్దం. పరిగెత్తి వెళ్తే చెక్కపెట్టె పైపలక బొంతతో సహా లేచి పక్కన పడింది. మూత కనిపించలేదు. గోడ మీద శ్రీలంక. ముద్ద ఇంకా బొట్లు బొట్లుగా కారుతోంది, మోటారు మాత్రం ఏమీ ఎరగనట్టు క్యానుని తిప్పుతూనే ఉంది. స్విచ్చి ఆపి కిందికి తొంగిచూశాను.

కింద పోర్టికో డాబా మీద నెల్లూరు పిన్నిగారు గుమ్మడి వడియాలు పెట్టుకుంటున్నారు. పాత పంచె మీద వరసలు వరసలుగా తెల్లటి వడియాలు, వాటి నడుమ నా మూత, చుట్టూ నల్లటి తుంపర్లు. ఆవిడకి గజం దూరం. చేతిలో పిండి గిన్నె అలాగే పట్టుకుని తలెత్తి చూశారు.

"టీచరుగారూ, మీ ఇంట్లోంచి సిమెంటు వాన కురిసిందండీ."

దెబ్బ తగలలేదు కదా అని వణుకుతూ కిందికి దిగాను. కాళ్లమీద పడినంత పని చేసి, ఏం జరిగిందో చెప్పాను. ఆవిడ అంతా విని, "అల్యూమినియం క్యాన్లో బట్టల సోడా వేశారా? అల్యూమినియం గిన్నెలు సోడాతో తోమితే నల్లబడి పాడవుతాయని మా అత్త చేతిమీద కొట్టేది" అన్నారు. అక్కడితో నా ఇరవై రెండేళ్ల సర్వీసూ ముగిసింది.

అల్యూమినియం నీళ్లతో చర్య జరపదని అనుకుంటాం. నిజానికి జరుపుతుంది. దాని ఒంటిమీద కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడు పొర ఉంటుంది, అదే అడ్డుపడుతుంది. ఏటా ఈ పాఠం బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ పొరని పొద్దస్తమానం గీకడానికే నేను మెషీన్ తయారుచేశాను. పొర పోయినచోటల్లా కొత్త లోహం నీళ్లకి తగిలి హైడ్రోజన్ పుట్టింది. చాలదన్నట్టు ఆ పొరని కరిగించే క్షారాన్ని మూడు చెంచాలు నేనే వేశాను. ఒక్క గ్రాము అల్యూమినియం కరిగితే లీటరు పైన, దాదాపు 1.4 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. క్యాన్లో ఖాళీ జాగా ఒకటిన్నర లీటర్లో, కాస్త ఎక్కువో. అంటే గ్రామున్నర కూడా అవసరం లేదు, ఒత్తిడి రెట్టింపవుతుంది. పది సెంటీమీటర్ల మూత మీద అది 80 కిలోల మనిషి నిలబడ్డట్టు, కాకపోతే లోపలినుంచి పైకి. తీగ కొక్కెం ఎంతసేపు ఆపుతుంది?

ఇంకో సంగతి ఆ రాత్రి పక్కమీద తట్టింది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. తులసికుండీ దగ్గర రోజూ పొద్దున ఆరింటికి దీపం పెడతాను. మెషీన్ దానికి రెండడుగుల దూరంలో ఉంది. మొదటి రెండు రోజులూ ఉస్స్‌మన్నది కూడా ఆ దీపం పక్కనే. ఆదివారం నాటి దీపం ఏడింటికే కొండెక్కింది. లేచి కూర్చుని మంచినీళ్లు తాగాను. మా వారికి మాత్రం నెలయ్యాకే చెప్పాను.

రెండో డ్రమ్ము పీవీసీ. 160 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు ఓ అడుగు ముక్క కోయించి, ఒకవైపు ఎండ్ క్యాప్ సొల్యూషన్‌తో అంటించాను. రెండోవైపు మర మూత. పైపు లోపల మరీ నునుపు, రాళ్లు దొర్లకుండా చాప మీద కూర్చున్నట్టు జారేవి, ఒకవైపే చదునుగా అరిగేవి. లోపల పొడుగునా మూడు పీవీసీ పట్టీలు అంటిస్తే దారికొచ్చాయి. బయట సైకిల్ ట్యూబు ఉంగరాలు తొడిగాను, కడ్డీల మీద పట్టు కోసం.

ఇక గ్యాసు గొడవ లేదనుకున్నాను. రెండో వారం మూత ఎంతకీ తిరగలేదు. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి డ్రమ్ముని నిలబెట్టి, తడిగుడ్డ కప్పి, ముఖం పక్కకి తిప్పుకుని కొంచెం కొంచెంగా వదులుచేశాను. ఉస్స్. పీవీసీలో హైడ్రోజన్ ఎక్కడిది? ఆలోచిస్తే రాళ్ల మీది తుప్పు మరకలు పోవడానికి ముందురోజు వాటిని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాను, సరిగ్గా కడగలేదు. వాటితో పాటు పల్నాటి సున్నపురాయి ముక్కలు నాలుగు వేశాను, నల్లగా ముచ్చటగా ఉన్నాయని. సున్నపురాయి, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్. ఎనిమిదో తరగతి పాఠం. సున్నపురాయి గట్టిదనం ఎలాగూ 3 దగ్గరే, అగేట్లతో వేస్తే బురదయిపోతుంది తప్ప మెరవదు. ఇప్పుడు ప్రతి రాయినీ పిన్నుతో గీకి, గీత మీద నిమ్మరసం చుక్క వేసి చూస్తాను. బుడగలొస్తే కుండీలోకి.

మర మూత కూడా తీసేశాను. దాని బదులు మెత్తని రబ్బరు టోపీ, పైన బిగించే క్లిప్పు. లోపల ఏదైనా పుడితే టోపీ బొజ్జలా ఉబ్బి కంటికి కనిపిస్తుంది, మరీ ఎక్కువైతే పక్కనుంచి కారిపోతుంది. గట్టి మూతకి అలా చెప్పడం రాదు, ఓర్చుకుని ఓర్చుకుని ఒకేసారి చెబుతుంది. రోజూ పొద్దున టోపీ తీసి మళ్లీ పెట్టడం కాఫీ డికాక్షన్ దిగేలోపు అయిపోయే పని. దీపం ఇప్పుడు ముందు బాల్కనీలో.

కడిగిన ముద్ద సింకులో మాత్రం పోయకండి, పైపులో సిమెంటులా గట్టిపడుతుంది. నేను బకెట్లో పేరనిచ్చి, కొబ్బరిచెట్టు పక్కన గుంటలో పోసి మట్టి కప్పేస్తాను. ఎండనిచ్చి చీపురుతో ఊడ్చితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రాత్రి పదికి ఆపేసి పొద్దున తిప్పుకుంటూ ఉంటే ఒక్కో మెట్టుకి, అంటే ఒక్కో సైజు పొడికి, పది రోజులు పట్టింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య రాళ్లని పాత టూత్‌బ్రష్‌తో పగుళ్లలోకి తోమాలి, ముతక పొడి ఒక్క రేణువు మిగిలినా తర్వాతి పదిరోజులూ గీతలు పెడుతూనే ఉంటుంది. చివర మెరుపు పెట్టే సీరియం ఆక్సైడ్ పొడితో తేలిన అయిదు రాళ్లు నీళ్లలోంచి తీసి తుడిచాక కూడా తడిగానే కనిపించాయి. తేనెరంగువి అచ్చం నా పాతవే. పిన్నిగారికి కూడా ఓ జత ఇచ్చాను, కొత్త గుమ్మడికాయతో పాటు.

దసరా సెలవలకి మనవరాలు వచ్చింది. రాళ్లు చూసి "అబ్బ!" అంది. ఎగరేసి చేతి వెనక్కి పట్టింది, అయిదులో ఒక్కటి నిలబడింది. మళ్లీ ఎగరేసింది, అన్నీ జారి టైల్స్ మీద టకటకా దొర్లి సోఫా కిందికి పోయాయి. ఓ అరగంట అవస్థపడి బాల్కనీలోకి వెళ్లి, 220 మెట్టు దాకా వచ్చి ప్లాస్టిక్ డబ్బాలో ఆరుతున్న రాళ్లలోంచి అయిదు ఏరుకొచ్చుకుంది. మెరుపేమీ లేదు, పిండి అద్దినట్టున్నాయి.

"అమ్మమ్మా, ఇవి జారట్లేదు" అంది, నాలుగింటిని చేతి వెనక నిలబెట్టి చూపిస్తూ.