‘వెళ్లేవాణ్ణి’ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలి?

తెలుగులో అలవాటంతా క్రియ తోకలోనే ఉంటుంది. “వెళ్తుంటాను” అంటే ఇప్పటి అలవాటు, “వెళ్లేవాణ్ణి” అంటే మానేసిన అలవాటు. ఇంగ్లీషు క్రియకు ఈ తోకలు లేవు. చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇది. రుషికొండలో ఏ ఐటీ కంపెనీ ఇంటర్వ్యూలోనో “ఖాళీ దొరికితే ఏం చేస్తుంటారు?” అని అడుగుతారు. అభ్యర్థి “ఐ యూస్టు ప్లే క్రికెట్ ఆన్ సండేస్” అంటాడు. ఆడుతుంటాను అని అతని ఉద్దేశం. విన్నవాళ్లకు మాత్రం “ఒకప్పుడు ఆడేవాణ్ణి, ఇప్పుడు మానేశాను” అని అర్థమవుతుంది. ఇప్పటి అలవాటుకు “ఐ ప్లే క్రికెట్ ఆన్ సండేస్” చాలు. “ఆడుతుంటాను”లో “ఉంటాను” వినిపిస్తోంది కదా అని “ఐ యామ్ ప్లేయింగ్” అనకూడదు. అది ఇప్పుడు జరుగుతున్నదానికి, లేదా “ఈమధ్య” అనిపించే కొద్దికాలపు పనికి. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోండి: “హి ఈజ్ ఆల్వేస్ లూజింగ్ హిజ్ కీస్”. ఎప్పుడు చూసినా తాళాలు పారేసుకుంటూనే ఉంటాడు అన్న విసుగు అందులో ఉంది. మన “-ూనే ఉంటాడు”కి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

‘యూస్డ్ టు’ పలకడంలోనూ మెలిక ఉంది. అలవాటు అర్థంలో అది “యూస్టు”, మధ్యలో స. “యూజ్డ్” అని జ పలికితే “వాడిన” అని అర్థం. ముందు ‘డిడ్’ వస్తే చివరి డి రాయకూడదు: “డిడ్ యు యూస్ టు లివ్ ఇన్ గాజువాక?”

ఇక విశాఖ ఉక్కపోత. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు మొదట “ఐ కాంట్ గెట్ యూస్టు ద హ్యుమిడిటీ” అంటారు, అంటే అలవాటు పడలేకపోతున్నాను అని. పుట్టి పెరిగినవాళ్లు “ఐ యామ్ యూస్టు ఇట్” అంటారు, నాకిది అలవాటే అని. ఈ రెండింటి తర్వాత నామవాచకమో, ‘ఇంగ్’ రూపమో రావాలి: “ఐ యామ్ యూస్టు వాకింగ్ ఇన్ ద హీట్”. ఇక్కడ ‘వాక్’ అని రాస్తే తప్పు. ‘యామ్’ లేకుండా ఒట్టి ‘ఐ యూస్టు’ తర్వాత మాత్రం ‘వాక్’ అనే రావాలి. ముందున్న ‘యామ్’, ‘గెట్’ చూసి తర్వాతి రూపం తేల్చుకుంటే పొరపాటు జరగదు.

పాత సంగతులు చెప్పేటప్పుడు ‘వుడ్’ కూడా వాడతారు: “వెన్ వి లివ్డ్ ఇన్ గాజువాక, మై ఫాదర్ వుడ్ టేక్ అస్ టు సింహాచలం”. తీసుకెళ్లేవారు. అయితే ‘వుడ్’ పదేపదే జరిగే పనికే పనికొస్తుంది, స్థితికి కాదు. విశాఖ బీచ్ రోడ్డులోని జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర 2001 వరకూ నౌకాదళ సేవలో ఉండి, 2002లో మ్యూజియం అయింది. దాని గురించి “ఇట్ యూస్టు బి ఇన్ సర్వీస్” అనాలి. “ఇట్ వుడ్ బి ఇన్ సర్వీస్” అంటే “సేవలో ఉండేదేమో” అన్నట్టు అర్థం మారిపోతుంది.

క్రియావిశేషణాల చోటు సులువే. మామూలు క్రియకు ముందు, ‘ఈజ్, యామ్, ఆర్’లకు తర్వాత: “షి ఆఫెన్ కమ్స్ లేట్”, “షి ఈజ్ ఆఫెన్ లేట్”. అసలు జాగ్రత్త ‘నెవర్’ దగ్గర కావాలి. తెలుగులో “ఎప్పుడూ తింటాను”, “ఎప్పుడూ తినను” రెండింటికీ ఒకే “ఎప్పుడూ”, కాదనే పని క్రియ చేస్తుంది. ఇంగ్లీషులో కాదనడం ‘నెవర్’లోనే ఉంది కాబట్టి “ఐ డోంట్ నెవర్ ఈట్” అంటే రెండుసార్లు కాదన్నట్టు. ‘హార్డ్లీ’ కూడా అంతే: “ఐ హార్డ్లీ ఈట్ స్వీట్స్” అంటే మిఠాయిలు దాదాపు తిననని. “హి వర్క్స్ హార్డ్” కష్టపడేవాడు, “హి హార్డ్లీ వర్క్స్” పనే చేయనివాడు. రెజ్యూమెలో ఈ రెండూ తారుమారైతే పరువు పోతుంది.

నుడికారాల్లో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ని మన “అమావాస్యకో పున్నానికో”కి జోడీ కడతారు. రెండింటిలోనూ చంద్రుడున్నాడు గానీ కొలత వేరు. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి బ్లూ మూన్, అది సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. నెలకోసారి అత్తారింటికి వెళ్లేవాళ్లు “వన్స్ ఇన్ ఎ వైల్” అంటే సరిపోతుంది. బ్లూ మూన్‌ని ఏళ్లకోసారి వెళ్లేవాళ్లకు వదిలేయండి.