తాత చూడగానే గుర్తుపట్టిన బీడు

ఏడో కిలోమీటరు దాటాను. ఇసుక బాట మలుపు తిరిగే చోట గొర్ల మంద అడ్డం వచ్చింది. రెండు వందల పైనే ఉంటాయి. వెనక పొడుగు కర్రతో ఒక మనిషి, ఆయన పక్కన రెండు కుక్కలు. ఉరికొచ్చే మనిషిని చూస్తే మంద బెదిరి చీలిపోతుందని కురుమల ఇంట్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కకు జరిగి, చేతులు కదపకుండా నిలబడ్డాను. మంద దాటిపోయింది. ఆయన నన్ను చూసి తల ఊపాడు.

2022 ఆగస్టు చివరి వారం అది. చుట్టూ కనుచూపు మేర ఊదా రంగు పూలు. బెల్జియంలో ఆంట్‌వెర్ప్‌కు ఉత్తరాన, నెదర్లాండ్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న కాల్మ్‌తౌట్ బీడు. అక్కడివాళ్ళు ఇలాంటి నేలను హైడె అంటారు. మాది మహబూబ్‌నగర్ జిల్లా, దేవరకద్ర దిక్కు పల్లె.

వెంటనే తాతకు వీడియో కాల్ చేశాను. మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర, అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడు. ముందు పూలు చూపించాను. పూల గురించి ఆయన ఒక్క మాట అనలేదు. "గొర్లను చూపియ్యి బిడ్డా" అన్నాడు. చూపించాను. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది బీడే కదా. గొర్లు తిరగకుంటే నాలుగేండ్లకు కంప పడ్తది."

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. తాత అన్న ఆ ముక్క నాకు పుస్తకాల్లో, అడవి దగ్గర పెట్టిన బోర్డుల మీద చదివితే తెలిసింది. ఆయనకు ఫోన్‌లో ఒక్కసారి చూస్తే తెలిసింది. ఈ రోజు రాయాలనుకున్నది ఆ బీడు గురించీ, అక్కడ నేను పరుగెత్తిన బాటల గురించీ, వాటిని పట్టుకుని మా ఊళ్ళో మేం చేసిన ఒక పని గురించీ.

మా ఆయన రిసెర్చ్ ఉద్యోగం కోసం రెండేళ్ళు బెల్జియంలోనే లూవెన్ అనే ఊళ్ళో ఉన్నాం. మొదటి నెల అంతా ఇంట్లోనే గడిచింది. భాష రాదు, మనుషులు తెలియదు. ఊరి దక్షిణాన హేవర్లే అడవి ఉంది, దాన్ని దాటితే మీర్‌దాల్ అడవి. ఒక రోజు పొద్దున బూట్లు వేసుకుని బయల్దేరాను. బీచ్ చెట్లు, ఓక్ చెట్లు. బీచ్ మాను నున్నగా, బూడిద రంగులో, మన తెల్లమద్ది లాగా ఉంటుంది. ఆకులు రాలి రాలి నేల పరుపులా మెత్తగా అయిపోయింది. అడుగుల చప్పుడు వినపడదు. కొన్ని చోట్ల బాట రెండు గట్ల మధ్య లోతుగా దిగిపోతుంది. బండ్ల చక్రాలు, వాననీళ్ళు వందల ఏళ్ళు కోసి కోసి చేసిన బాటలట. మన వాగు ఒడ్డున ఎర్రమట్టిలో బండ్ల బాట ఎట్లా దిగబడిపోతుందో అట్లాగే.

మొదట ఐదు కిలోమీటర్లు నడుస్తూ ఉరుకుతూ చేశాను. మూడు నెలల్లో ఔడ్ హేవర్లే రైల్వే స్టేషన్ నుంచి జూట్ వాటర్ అనే చెరువుల వరకు, అక్కడి నుంచి మీర్‌దాల్ లోపలికి వెళ్ళి తిరిగి రావడం, మొత్తం పన్నెండు కిలోమీటర్లు అలవాటైంది. అమ్మకు మాత్రం టెన్షన్. "ఒక్కదానివే అడివిల ఉరుకుతున్నవా?" అని రోజూ అడిగేది. నిజానికి ఆ అడవిలో నేను ఎప్పుడూ ఒక్కదాన్ని అనిపించలేదు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ "దాహ్" అని పలకరించి పోతారు. ముసలావిడలు, కుక్కలతో వచ్చేవాళ్ళు, గుర్రాల మీద వచ్చేవాళ్ళు. గుర్రాలకు వేరే బాట ఉంటుంది.

తప్పిపోతానన్న భయం కూడా లేదు. దానికి కారణం నంబర్లు. రెండు మూడు బాటలు కలిసే ప్రతి చోటా ఒక గుంజ, దాని మీద ఒక నంబరు, పక్క నంబర్లకు ఎటు పోవాలో బాణం గుర్తులు ఉంటాయి. ఇంట్లో మ్యాప్ చూసి నాలుగైదు నంబర్లు చేతి మీద పెన్నుతో రాసుకుంటే చాలు, ఎవర్నీ అడగకుండా పోయి రావచ్చు. ఈ పద్ధతి 1995లో లింబర్గ్ ప్రాంతంలో ముందు సైకిళ్ళ కోసం మొదలైంది. హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు ఆలోచన. తర్వాత నడక బాటలకూ వచ్చింది. భాష రాని మనిషికి ఆ నంబర్లు ఎంత ధైర్యమో నాకు తెలుసు.

అడవి బాగుంటుంది. కానీ నా మనసు పట్టుకున్నది హైడె.

కాల్మ్‌తౌట్‌కు పోవడం తేలిక. ఆంట్‌వెర్ప్ నుంచి ఉత్తరానికి పోయే రైలు ఎక్కితే హైడె అనే పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. దిగి కొంచెం దూరం నడిస్తే ఇళ్ళు అయిపోతాయి, ఇసుక మొదలవుతుంది. తెల్లగా, బూడిదలాగా ఉండే ఇసుక. మా చల్క నేలలో దుబ్బ మీద ఉరికినట్టే కాలు దిగబడుతుంది, పిక్కలు లాగుతాయి. ఐదు కిలోమీటర్లకే పది చేసినంత అలసట. ఉరకాలనుకునేవాళ్ళు బాట మధ్యలో కాకుండా పక్కన గట్టిపడ్డ అంచు మీద అడుగు వేయండి. స్టాపర్స్‌ఫెన్ అనే నీటి మడుగు దాకా పోయి చుట్టి వస్తే బాగుంటుంది. చలికాలంలో కొన్ని బాటలు నీళ్ళలో మునుగుతాయి. ఎండాకాలంలో నిప్పు భయం ఎంత ఉందో రంగులతో చెప్తారు, ఎరుపు ఉన్న రోజు అటు పోకపోవడమే మంచిది. 2011 మే నెలలో ఆ బీడులో పెద్ద భాగం తగలబడిపోయింది.

ఆ ఊదా పూల మొక్క పేరు కాలూనా. మోకాలి ఎత్తు కూడా ఉండని పొద. ఆగస్టు, సెప్టెంబరుల్లో పూస్తుంది. దూరం నుంచి చూస్తే గునుగు చేను గుర్తొచ్చింది నాకు. బతుకమ్మకు నెల ముందు ఇంటికి దూరంగా ఉండి అంత పువ్వును చూడటం ఎట్లా ఉంటుందో చెప్పలేను. తెంపకూడదు, తెంపలేదు.

ఆ మొక్కకు బలం లేని నేల కావాలి. నేల బలపడితే గడ్డి లేచి దాన్ని మింగేస్తుంది. ఇప్పుడు అక్కడున్న పెద్ద బాధ అదే. పశువుల ఫారాల నుంచి, బండ్ల పొగ నుంచి గాలిలో కలిసిన నైట్రోజన్ వానతో దిగి నేలను బలపరుస్తుంది. అది చాలక, వదిలేస్తే బర్చ్, పైన్ మొలకలు లేచి కొన్నేళ్ళలో అడవి అయిపోతుంది. తాత అన్న కంప అదే. గొర్లు ఆ మొలకల్ని కొరికేస్తాయి, గడ్డిని మేస్తాయి. అందుకే జీతం ఇచ్చి మరీ కాపరులను పెట్టుకుంటారు.

అసలు ఆ బీడును పుట్టించిందే గొర్లు. వందల ఏళ్ళ కింద అడవి కొట్టిన చోట ఊరి మందలన్నీ మేసేవి. రాత్రికి దొడ్లోకి తోలేవాళ్ళు. బీడు మీది మట్టిని మొక్కలతో సహా పెళ్ళలుగా కోసి తెచ్చి దొడ్లో పరిచేవాళ్ళు. గొర్ల పెంట, ఉచ్చ కలిసిన ఆ మట్టిని చేన్లకు తోలేవాళ్ళు. దీన్ని తాతకు చెప్తే, "మనం చేన్ల మంద పండబెడ్తం, వాళ్ళు చేనుకే దొడ్డి తోలిన్రు, అంతే గద" అన్నాడు. మా ఊళ్ళో తాత మంద ఒక రాత్రి పండబెడితే రైతులు వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళు.

తర్వాత ఏమైందంటే, 1847లో బెల్జియంలో ఒక చట్టం వచ్చింది. సాగు చేయని భూములను సాగులోకి తేవాలని, ఊరి ఉమ్మడి బీళ్ళను పంచాయతీలు అమ్మేలా చేసే చట్టం. మందలు మేసిన నేలను పనికిరాని నేల అన్నారు. చాలా మటుకు పొలాలు అయ్యాయి, పైన్ తోటలు అయ్యాయి. 1901లో లింబర్గ్‌లో బొగ్గు బయటపడ్డాక పైన్‌కు ఇంకా గిరాకీ వచ్చింది. గని లోపల పైకప్పు కూలకుండా నిలబెట్టే గుంజలు ఆ మానులే. పైన్ గుంజ విరిగే ముందు కిర్రుమని చప్పుడు చేస్తుందని, ఆ చప్పుడు విని పనివాళ్ళు బయటికి ఉరికేవాళ్ళని అక్కడ చెప్తారు.

ఆ పైన్ అడవుల్లో కూడా పరుగెత్తాను. లింబర్గ్‌లో హోహె కెంపెన్ నేషనల్ పార్క్, 2006లో తెరిచారు. గెంక్ దాకా రైలు, తర్వాత బస్సు. వరసలు వరసలుగా నిలబడ్డ పైన్ చెట్ల మధ్య ఉరుకుతుంటే తోటలో ఉన్నట్టు ఉంటుంది, అడవిలో ఉన్నట్టు ఉండదు. నాకు పెద్దగా నచ్చలేదు. కానీ మెహెల్సె హైడె దగ్గర చెట్లు అయిపోయి ఒక్కసారిగా నేల విచ్చుకుంటుంది. ఎత్తుపల్లాలు, గులకరాళ్ళు, మళ్ళీ ఊదా రంగు. ఐస్డెన్‌లో 1987లో మూసేసిన గని దగ్గర తవ్విపోసిన మట్టి గుట్టలయ్యాయి. వాటి మీదికి కూడా బాటలు వేశారు. గుట్ట ఎక్కి నిలబడితే గాలి మొహం మీద కొడుతుంది, చుట్టూ అడవే. బొగ్గు పనివాళ్ళ చెమట మీద నిలబడ్డాననిపించింది.

ఒక్క జాగ్రత్త. హైడెలో, అడవిలో గడ్డి తగిలితే పిడుదులు పట్టుకుంటాయి. వాటి వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. ఇంటికి రాగానే మోకాలి వెనక, చంకల్లో, నడుము చుట్టూ చూసుకోవాలి. కుట్టిన చోట ఎర్రగా గుండ్రంగా మచ్చ పెరుగుతుంటే డాక్టరు దగ్గరికి పోవాలి. గొర్ల చెవుల్లోంచి పిడుదులు తీసిన చెయ్యి కాబట్టి నాకు భయం వేయలేదు, వెతకడం మాత్రం మానలేదు.

2024లో తిరిగొచ్చాం. మా ఊరి వెనక గుట్ట, దాని కింద బంచరాయి భూమి. తంగేడు, బలుసు, రేగు, అక్కడక్కడ మోదుగ, సీతాఫలం చెట్లు. చిన్నప్పుడు తాతకు సద్ది తీసుకుని పోయిన బాటలే. ఎండ ముదిరితే తాత మందను తోలుకుని కృష్ణ దిక్కు పోయేవాడు, మిగతా కాలమంతా ఇక్కడే. ఇప్పుడు మందలు తగ్గాయి. సర్కారు తుమ్మ పడి రెండు బాటలు మూసుకుపోయాయి. ఒక అంచున వెంచర్ వాళ్ళు ఎర్ర రంగు వేసిన హద్దు రాళ్ళు పాతారు. ఆ రాళ్ళు చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది. 1847 నాటి మాటే ఇక్కడా వినిపిస్తోంది, ఖాళీ జాగా అని. తంగేడు నిండా పూసి ఉన్న నేలను ఖాళీ అంటున్నారు.

సర్పంచ్‌ను అడిగి, నేనూ మా కాలేజీ పిల్లలు నలుగురం కలిసి సున్నం బకెట్లు పట్టుకుని పోయాం. బాటలు కలిసే చోట ఉన్న పెద్ద రాళ్ళ మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు వేశాం. ఏ రాయి మీద వేయాలో తాతే చెప్పాడు, మంచం మీద కూర్చునే. ప్రతి రాయికీ ఆయన దగ్గర పేరుంది. పిడుగు బండ, తొట్టి బండ, పులి గుండు. నంబరు కింద ఆ పేరు కూడా రాశాం. ఊరి బడి దగ్గర ఒకటి. అక్కడి నుంచి మొరం బాట, చెరువు కట్ట, గుట్ట చుట్టు, మళ్ళీ బడి. ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున ఐదుంబావుకు బయల్దేరితే ఎండకు ముందే తిరిగి రావచ్చు. ఆదివారాలు ఇప్పుడు పదకొండు మంది ఉరుకుతున్నారు, అందులో ఏడుగురు ఆడపిల్లలు.

మొన్న శనివారం రాత్రి, ఊళ్ళో ఇంకా మంద కాస్తున్న అబ్బాయి ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు పొద్దుగాల మంద ఆరు కాడ ఉంటది. ఈనిన గొర్లున్నయి, బెదురుతయి. మీరు ఐదు నుంచి మల్లి ఎనిమిదికి పోండ్రి."

అట్లాగే పోయాం.