ఉక్కు కర్మాగారపు వాయువుతో డీజిల్ ఎందుకు చేయరు?

కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువును లోహ ఉత్ప్రేరకం మీదుగా పంపి ద్రవ ఇంధనం తయారు చేయవచ్చని 1920లలో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రోప్ష్ చూపించారు. మన విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఆ రెండు వాయువులు పుడుతున్నాయి కదా, మరి ఇక్కడ ఎందుకు చేయరని గాజువాక మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు.

కోబాల్ట్ లేదా ఇనుము ఉపరితలానికి అతుక్కున్న కార్బన్ మోనాక్సైడ్ తన ఆక్సిజన్‌ను వదులుకుని హైడ్రోజన్‌ను కలుపుకుంటుంది. అలా పుట్టిన ముక్కలు దండలో పూలలాగా ఒకదాని వెనుక ఒకటి చేరి గొలుసుగా పెరుగుతాయి. ఆ గొలుసు ఏ దశలోనైనా ఆగిపోవచ్చు కనుక మనకు కావలసిన పొడవు మాత్రమే రాదు, మీథేన్ నుంచి మైనం దాకా అన్నీ కలిసే వస్తాయి. అందుకే కోబాల్ట్ వాడే కర్మాగారాలు కావాలనే ముందు మైనం ఎక్కువగా చేసి, తరువాత దానిని హైడ్రోజన్‌తో విరిచి డీజిల్‌గా మారుస్తాయి. ఈ పద్ధతిలోని అసలు తెలివి ఆ చుట్టుదారిలోనే ఉందని నా అభిప్రాయం. చర్య జరిగేది సుమారు 200–240 డిగ్రీల సెల్సియస్ వద్ద. పుట్టే వేడి చాలా ఎక్కువ కాబట్టి, ఉత్ప్రేరకం నింపిన గొట్టాల చుట్టూ మరిగే నీటితో దానిని వెంటవెంటనే లాగేయకపోతే మైనం తగ్గి మీథేన్ పెరుగుతుంది.

ఇక ఉక్కు కర్మాగారం సంగతి. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో దాదాపు సగం ఈ చర్యలో పాల్గొనని నైట్రోజనే. బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ వాయువులో సగానికి పైగా హైడ్రోజన్ ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, పైగా బొగ్గులోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా వెంట వస్తుంది. పది లక్షల్లో ఒక వంతు గంధకాన్ని కూడా కోబాల్ట్ ఎక్కువ కాలం తట్టుకోలేదు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు, ఈ వాయువులు వృథాగా పోయేవి కావు: కర్మాగారంలోని కొలిములు, విద్యుత్ ఉత్పత్తి చేసే బాయిలర్లు వాటితోనే మండుతాయి, కాబట్టి వాటిని డీజిల్‌కు మళ్లిస్తే ఆ లోటుకు వేరే ఇంధనం కొనాలి.

దక్షిణాఫ్రికాలో 1955లో మొదలైన సాసోల్ కర్మాగారం బొగ్గు నుంచి, ఖతార్‌లోని పెర్ల్ కర్మాగారం సహజ వాయువు నుంచి తమకు కావలసిన వాయువును తామే తయారు చేసుకున్నాయి. మనకు ఆశ ఏదైనా ఉంటే అది ఇనుమును ఉక్కుగా మార్చే స్టీల్ మెల్టింగ్ షాపు కన్వర్టర్ వాయువు మీదే, ఎందుకంటే అందులో సగానికి పైగా కార్బన్ మోనాక్సైడే ఉంటుంది. దానికి రెండింతల హైడ్రోజన్ మాత్రం బయటి నుంచి రావాలి. 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన అనకాపల్లి జిల్లా పూడిమడకలోని గ్రీన్ హైడ్రోజన్ (పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్ నుంచి ఆ హైడ్రోజన్ ఏ ధరకు దొరుకుతుందన్నదే నేను ముందుగా చూసే లెక్క.